బండి మీద మల్గీ

(మెదక్‌లో జరిగిన మన సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో నాకు 'విద్య యొక్క ఆవశ్యకత' అనే అంశం ఇస్తారు. నేనూ ఏటా అవే నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను. ఈసారి మోటారు సైకిలు వెనుక పనిముట్ల పెట్టెలు ఎట్లా బిగించుకోవాలో మాట్లాడతానని చెబితే కార్యదర్శి గారు నవ్వినారు. "సార్, అది వెల్డింగ్ షాపు వాళ్ల సబ్జెక్టు గదా, బడి పంతులుకు ఎందుకు?" అన్నారు. ఎందుకో చెబుతాను. ఆ సంగతి పూర్తయ్యేసరికి నేను మళ్లీ నా పాత అంశానికే వచ్చినానని వారే ఒప్పుకుంటారు.

మన మెదక్‌లో, చుట్టుపక్కల పల్లెల్లో, మనవాళ్లు ఎక్కువగా చేసే పనులేమిటో మీకు తెలుసు. మోటారు రివైండింగ్, ఇంటి వైరింగ్, నల్లాల పని, ఫ్రిజ్జులు, కూలర్లు, వెల్డింగ్, కుట్టు మిషన్ల రిపేరు. ఇందులో సగం మందికి మల్గీ లేదు. బజారులో మల్గీ కావాలంటే పగిడీ కట్టాలి, నెల నెలా కిరాయి కట్టాలి. కాబట్టి మనవాడి మల్గీ అతని బండే. పాపన్నపేట నుండి ఫోను వస్తే పాపన్నపేటకు, కుల్చారం నుండి వస్తే కుల్చారానికి, రామాయంపేట దిక్కు పిలిస్తే ఆ దిక్కు. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చిన తరువాత బోరు మోటార్లకు విశ్రాంతి తగ్గింది. నాట్ల కాలంలో మోటారు కాలిపోతే రైతు రేపటి దాకా ఆగడు. ఎవరు ముందు వస్తే పని వారిది. అందుచేత బండి మీద సామాను సిద్ధంగా ఉన్నవాడికే రోజీ.

ఇక ఆ సామాను ఎట్లా పోతుందో చూడండి. ఒక గోనెసంచిలో గాని, సిమెంటు సంచితో కుట్టిన థైలాలో గాని పానాలు, సుత్తె, పట్టకారు, పైపు పానా, చైను పానా, డ్రిల్లు మిషన్, వైరు చుట్ట, టెస్టరు అన్నీ కలిపి పడేస్తాం. నోరు కట్టేసి, పాత ట్యూబు కోసిన రబ్బరు తాడుతో క్యారియర్‌కు కడతాం. అదీ చాలకపోతే వెనుక ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి సంచి వాని ఒళ్లో పెడతాం.

నేను ఇక్కడికే రావాలనుకున్నాను. ఆ కుర్రవాడు చాలాసార్లు నా క్లాసులో ఉండవలసినవాడు. రిజిస్టరులో పేరు ఉంటుంది, బెంచీ ఖాళీగా ఉంటుంది. ఒకరోజు బడి గేటు ముందు నుండే ఒక ఉస్తాద్ బండి మీద పోతుంటే ఆపినాను. వెనుక మా ఎనిమిదో తరగతి పిల్లవాడు, ఒళ్లో ఇనుప సామాను సంచి. "ఏం మియాఁ, వీడిని ఎక్కడికి తీసుకుపోతున్నావు?" అని అడిగితే, "సామాన్ పకడ్నేకూ కోయీ తో హోనా నా సాబ్" అన్నాడు. సామాను పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి గదా అని. అతను చెడ్డవాడు కాదు. పిల్లవానికి పూటకు ఇంత అని ఇస్తాడు, తిండి పెడతాడు, పని కూడా నేర్పుతానంటాడు. కాని ఆ పిల్లవాడు ఆ రోజు నేర్చుకున్నదేమీ లేదు. సంచి మోసినాడు, అంతే. మన దగ్గర ఒక క్యారియర్ చేయవలసిన పనిని ఒక బాలుడు చేస్తున్నాడు.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టరాదని చట్టం ఉన్నది. 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించి, ఏ పనిలోనైనా పెట్టరాదని గట్టిగా చెప్పినారు. ఆరేళ్ల నుండి పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కని 2009లో ఇంకొక చట్టం వచ్చింది. చట్టాల గురించి నేను చెబితే ఉస్తాదులు తల ఊపి వెళ్లిపోతారు. అందుకే ఈసారి చట్టం పక్కన పెట్టి, సంచి పట్టుకునే మనిషి అవసరమే లేకుండా చేసే మార్గం గురించి మాట్లాడదామని వచ్చినాను.

ఈ మధ్య ఒకదానిపై ఒకటి కూర్చుని, పక్కనున్న కొండీలతో టక్కున బిగుసుకునే ప్లాస్టిక్ పెట్టెలు వచ్చినాయి. జర్మనీలో 1993లో 'సిస్టైనర్' అనే పేరుతో ఈ రకం పెట్టెలు మొదలైనాయి. అమెరికాలో 2017లో మిల్వాకీ వారు 'ప్యాకౌట్' అనే పేరుతో తెచ్చినారు. ఇప్పుడు ఇటువంటివే ఎన్నో కంపెనీల పెట్టెలు దొరుకుతున్నాయి. ఒకే రకం పెట్టెలకు పొడవు వెడల్పులు సాధారణంగా ఒకటే, ఎత్తులు మాత్రం వేరు. అందుచేత ఆ రకంలో ఏ పెట్టె మీదనైనా ఏ పెట్టె అయినా కూర్చుంటుంది. అక్కడి వాళ్లు వాటిని వ్యానుల్లో పెట్టుకుని తిరుగుతారు. మనకు వ్యాను లేదు, ఎక్సెల్ బండి ఉన్నది. 1980లో హోసూరు నుండి టీవీఎస్ 50 వచ్చింది. 2015లో వచ్చిన ఎక్సెల్ 100 దాని వంశంలోదే. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, బట్టల మూటలు, గడ్డిమోపులు, మేకపిల్లలు, ఆ బండి మోయనిదంటూ మన జిల్లాలో ఏమీ లేదు. కొందరి దగ్గర స్ప్లెండర్ వంటి వంద సీసీ బండ్లు ఉన్నాయి. ఈ రెండు రకాలనూ మనసులో పెట్టుకుని చెబుతున్నాను.

పెట్టె కొనడం సులువు. దాన్ని ఎక్కడ బిగిస్తామనేదే ప్రశ్న. అందరూ వెనుక క్యారియర్ మీదనే అంటారు. ఎంత వెనుక అని అడగరు. నేను లెక్కల సారును కాబట్టి అడుగుతాను.

తులాదండం పాఠం అందరూ చదివినారు. మా ఉర్దూ పుస్తకంలో బైరమ్ అంటారు. పిల్లలు ఆడుకునే ఊగే బల్ల గుర్తు తెచ్చుకోండి. ఒక చివర కూర్చుంటే రెండో చివర లేస్తుంది. బండిలో ఆ బల్లకు ఆనుకునే చోటు వెనుక చక్రం ఇరుసు. ఇరుసుకు ముందు పెట్టిన బరువు రెండు చక్రాలూ పంచుకుంటాయి. ఇరుసుకు వెనుక పెట్టిన బరువు వెనుక చక్రం మీద పడడమే గాక, ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. మన చిన్న బండ్లలో రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 123 సెంటీమీటర్లు. ఇరవై కిలోల పెట్టెను వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్లు వెనుకగా పెట్టినామనుకోండి. ఇరవైని నలభైతో గుణించి 123తో భాగిస్తే ఆరున్నర వస్తుంది. అంటే ముందు చక్రం మీద ఆరున్నర కిలోలు తగ్గినాయి, వెనుక చక్రం మీద ఇరవైకి బదులు ఇరవై ఆరున్నర కిలోలు పడినాయి. అదే పెట్టెను ముందుకు జరిపి, వెనుక సీటు మీద, ఇరుసుకు 15 సెంటీమీటర్లు ముందుగా పెట్టండి. ఇప్పుడు ముందు చక్రం మీద రెండున్నర కిలోలు పెరిగినాయి. పెట్టె అదే, బరువు అదే, జరిపినది మూరెడు పైచిలుకు. ముందు చక్రానికి తొమ్మిది కిలోల తేడా.

ఆరున్నర కిలోలు ఒక లెక్కా అని మీరు అనవచ్చు. బండి తిరిగేది ముందు చక్రంతో. ఇసుక మీద, చెరువు కట్ట మీది తడిమట్టిలో ముందు చక్రం నేలను గట్టిగా పట్టుకోకపోతే హ్యాండిల్ తేలిపోతుంది. ఆ తేలికదనం మీలో చాలామందికి అనుభవమే. "బండి ముందర లేస్తున్నట్టు అయితది సార్" అని నాతో అన్నవారు ఇక్కడే ఉన్నారు. హ్యాండిల్‌లో దోషమేమీ లేదు, సంచి ఉన్న చోటులోనే ఉన్నది.

రెండో లెక్క ఇంకా చిన్నది. బండితో పాటు ఇచ్చే పుస్తకంలో మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మోయవచ్చో రాసి ఉంటుంది. ఈ రకం బండ్లకు అది 130 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఉస్తాద్ డెబ్బై కిలోలు, కుర్రవాడు నలభై అయిదు, సామాను ఇరవై అయిదు. మొత్తం నూట నలభై. ఇంటి ముందు కిక్కు కొట్టినప్పుడే పది కిలోలు ఎక్కువైనాయి. ఇక దారిలో అల్లుడికని ఎవరో బస్తా బియ్యం ఇచ్చి పంపుతారు. కుర్రవాడు దిగితే లెక్క సరిపోతుంది. వాడిని బడి దగ్గర దింపి పోతే లెక్కల సారుకు కూడా సంతోషం.

చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. 2020లో కేంద్ర రవాణా శాఖ వారు మోటారు సైకిలు మీద పెట్టే తేలికపాటి పెట్టెకు కొలతలు నిర్ణయించినారు. పొడవు 550 మిల్లీమీటర్లు, వెడల్పు 510, ఎత్తు 500 మించరాదు. అంటే ఏ దిక్కు చూసినా మూరకు కొంచెం పైన. పెట్టెను వెనుక మనిషి కూర్చునే చోట బిగిస్తే, బండి మీద నడిపేవాడు ఒక్కడే ఉండాలి. వెనుక సీటుకు ఇంకా వెనుకగా బిగిస్తే, రెండో మనిషి కూర్చోవచ్చు. ఇక్కడే మీరు జాగ్రత్తగా వినాలి. రెండో పద్ధతిని చట్టం ఒప్పుకుంటుంది గాని, నేను ఇందాక వేసిన లెక్క ఒప్పుకోదు. పెట్టె ఇరుసుకు బాగా వెనుకకు పోతుంది, పైగా మనిషి కూడా ఉంటాడు. ఇరవై కిలోల ఇనుము వేసుకుని తిరిగేవాడికి మొదటి పద్ధతే సరైనదని నా అభిప్రాయం. సీటు మీద పెట్టె, ముందు ఒక్క మనిషి.

మరి తోడు మనిషి నిజంగా కావలసిన రోజులుంటాయి గదా అంటారు. ఉంటాయి. బోరులోంచి మోటారు లాగాలంటే ఒక్కడి వల్ల కాదు. ఆ తోడు మనిషి పద్దెనిమిదేళ్లు దాటినవాడు కావాలి. ఆ రోజున పెట్టెలన్నీ తీసుకుపోకూడదు. ఒకదానిపై ఒకటి కూర్చునే పెట్టెల ప్రయోజనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. మనవాడు రోజూ థైలా మొత్తం మోసుకుని తిరుగుతాడు. వైరింగ్ పనికి పోయేటప్పుడు కూడా చైను పానా ఉంటుంది. ఎందుకంటే సంచిలో అడుగున ఏముందో అతనికే తెలియదు. పెట్టెలైతే పనిని బట్టి విడదీయవచ్చు. రోజూ కావలసిన టెస్టరు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, ఇన్సులేషన్ టేపు ఒక చిన్న పెట్టెలో. బోరు మోటారు సామాను అడుగు పెట్టెలో. డ్రిల్లు మిషన్ ఇంకొక పెట్టెలో. ఫోను వచ్చినప్పుడు ఏం పని అని అడిగి, దానికి తగిన పెట్టె కొండీకి తగిలించుకుని పోవాలి. తోడు మనిషి ఉన్న రోజు చిన్న పెట్టె ఒక్కటే. బరువైనవి ఎక్సెల్ బండిలో కాళ్ల మధ్య ఉండే చోట, చదునుగా, గట్టిగా కట్టి పెట్టుకోవచ్చు. ఎక్సెల్ బండికి ఆ చోటు పెద్ద వరం. కిందకు ఉంటుంది, రెండు చక్రాల మధ్య ఉంటుంది. బ్రేకు మీదకు కాలు పోవడానికి మాత్రం అడ్డం రాకూడదు.

ఇక బిగించడం. ఇది వెల్డింగ్ సోదరులకు నా మనవి. ఎవరైనా వచ్చి పెట్టెకు స్టాండు కావాలంటే, మీరు వెంటనే యాంగిల్ ఇనుము తీసుకుని ఛాసిస్‌కు అతికేస్తారు. అది వద్దు. ఛాసిస్ గొట్టం పలుచన. అతికిన చోట పక్కనే లోహం బలం మారుతుంది, కొన్ని నెలల తరువాత సరిగ్గా ఆ అతుకు పక్కనే చీలుతుంది. సన్నటి తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎట్లా తెగుతుందో మీరు రోజూ చూస్తారు. గతుకుల రోడ్డు మీద క్యారియర్ కూడా గంటకు వేలసార్లు అట్లాగే వంగుతుంది. గుంతలో పడిన క్షణంలో ఇరవై కిలోల పెట్టె ఇరవై కిలోలుగా ఉండదు, రెండింతలు మూడింతలై కిందికి గుద్దుతుంది. నా దగ్గర చదివిన ఒకతను, ఇప్పుడు మంచి రివైండింగ్ పనివాడు, ఏడుపాయల రోడ్డు మీద పోతుంటే అతుకు ఊడి పెట్టె రోడ్డు మీద పడింది. వెనుక వచ్చే బండి మీద ఒక తల్లి, ఆమె ఒళ్లో బిడ్డ. నడిపే మనిషి సమయానికి పక్కకు తిప్పినాడు గనుక ఏమీ కాలేదు, అల్హందులిల్లాహ్. కాని ఆ రాత్రి ఆ అబ్బాయికి నిద్ర పట్టలేదని అతని నోటితోనే విన్నాను.

అందుకని అతుకు ఛాసిస్‌కు వద్దు. కంపెనీ వాడు ఇచ్చిన రంధ్రాలు, బోల్టులు ఉంటాయి. వెనుక పట్టుకునే కడ్డీ బోల్టులు, క్యారియర్ బోల్టులు, షాకబ్జర్ పై బోల్టు. స్టాండును విడిగా తయారుచేసి ఆ చోట్లకు బిగించాలి. నాలుగు చోట్ల పట్టు ఉండాలి, రెండు చాలవు. 25 మిల్లీమీటర్ల యాంగిల్, 3 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. అది మీటరుకు కిలో పైచిలుకు తూగుతుంది. మూడు మీటర్లు వాడినా మూడున్నర కిలోల లోపు. దానికన్నా లావు ఇనుము పెట్టి బలమనుకుంటే, ఆ బలమే బండికి భారం. కంపెనీ క్యారియర్ మీద ఎన్ని కిలోలు పెట్టవచ్చో చాలాసార్లు రాసి ఉంటుంది. దయచేసి చదవండి. అది మన పెట్టె బరువు కన్నా తక్కువైతే, దానికి కింది నుండి ఊత కడ్డీలు ఇవ్వాలి.

ఒకవేళ బండి మీద ఉండగానే ఏదైనా అతకవలసి వస్తే, ముందుగా బ్యాటరీ తీగలు విప్పండి. 2020 ఏప్రిల్ 1 తరువాత వచ్చిన బీఎస్-6 బండ్లలో పెట్రోలు లెక్కపెట్టి పంపే చిన్న కంప్యూటరు ఉంటుంది. వెల్డింగ్ కరెంటు దాని గుండా పోతే ఆ పెట్టె కాలిపోవచ్చు. దాని ఖర్చు మన స్టాండు ఖర్చుకన్నా ఎన్నో రెట్లు.

స్టాండు మీద ఒక పలక వేయాలి. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు గాని, బస్సు మెట్ల మీద వేసే పువ్వుల అల్యూమినియం రేకు గాని. అడుగు పెట్టెను ఆ పలకకు బిగించాలి. కొందరు పెట్టె అడుగున నాలుగు రంధ్రాలు వేసి నేరుగా బోల్టులు వేస్తారు. ప్లాస్టిక్ మీద బోల్టు తల ఒక్కటే ఒత్తితే కొద్ది రోజుల్లో రంధ్రం పెద్దదై చీలిపోతుంది. లోపలి వైపు వెడల్పాటి వాషరు గాని, ఒక రేకు పట్టీ గాని వేయండి. కింద పాత టైరు ముక్క కోసి పెట్టండి, కుదుపు కొంత మింగుతుంది. బోల్టు 8 మిల్లీమీటర్లది, నట్టు లోపల నైలాన్ వలయం ఉన్నది తీసుకోండి, అది కుదుపుకు వదులు కాదు. రాణిగంజ్‌లో గుప్పెడు కొన్నా పెద్ద ఖర్చు కాదు. మామూలు నట్టు వేసి, "స్ప్రింగ్ వాషరు వేసిన గదా" అని ధీమాగా ఉండవద్దు.

ఇంకొక మాట. పై పెట్టెను కింది పెట్టెకు పట్టి ఉంచే కొండీలు చేత్తో మోయడానికి, చక్రాల బండి మీద నెట్టడానికి చేసినవి. మన గతుకుల కోసం చేసినవి కావు. పెట్టె పైనుండి స్టాండుకు ఒక బెల్టు పట్టీ వేసి బిగించి తీరాలి. రబ్బరు ట్యూబు కాదు, అది సాగుతుంది. సాగే తాడు కట్టినా కట్టనట్టే. ఒంటెను కట్టే హదీసు మీ అందరికీ తెలిసిందే. మన ఒంటెకు చక్రాలున్నాయి గనుక పట్టీ ఇంకా గట్టిగా ఉండాలి. జుమా రోజు స్నానానికి ముందు అయిదు నిమిషాలు బండి దగ్గర కూర్చుని ప్రతి నట్టును పానాతో ఒకసారి తాకి చూడండి. అతుకుల పక్కన వేలితో రాసి చూడండి. రంగు వెంట్రుకలా చీలి తుప్పు గీత కనిపిస్తే, ఆ రోజు బండి మీద బరువు పెట్టవద్దు.

పెట్టెలో సర్దడం గురించి ఎక్కువ చెప్పను, మీ ఇంటి ఆడవాళ్లను అడిగితే నాకన్నా బాగా చెబుతారు. బరువైనది అడుగున, తేలికైనది పైన. పానాలు ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా నూనె గుడ్డలో చుట్టాలి. నూనె గుడ్డ వర్షాకాలంలో తుప్పును కూడా ఆపుతుంది. పెట్టెలు సైలెన్సర్‌కు తగలకూడదు, వెనుక లైటుకు, ఇండికేటర్లకు, నంబరు ప్లేటుకు అడ్డం రాకూడదు. నంబరు కనబడకపోతే కెమెరా వాళ్లు చలాను వేస్తారు. అయినా నా భయం చలాను గురించి కాదు, చీకట్లో వెనుక నుండి వచ్చే లారీ గురించి. టైరులో గాలి ఇద్దరు మనుషులకు ఎంత పెట్టమని పుస్తకంలో ఉందో అంత పెట్టండి. నిలిపేటప్పుడు పక్క స్టాండు నమ్మవద్దు, నడిమి స్టాండు వేయండి. ఎత్తు పెట్టెతో పక్క స్టాండు మీద ఉన్న బండిని ఒక గాలి దుమారం చాలు, పడేస్తుంది. రాత్రి పెట్టెలు కొండీ తీసి ఇంట్లోకి తీసుకుపోండి. థైలాను బండి మీదనే వదిలి పొద్దున్నే తలపట్టుకున్నవారి కథలు మన గల్లీలో ఎన్ని లేవు?

అంత ఖరీదైన పెట్టెలు మేము కొనగలమా అని కొందరు అనుకుంటున్నారని నాకు తెలుసు. న్యాయమైన మాట. కంపెనీ పెట్టెలే కావాలని నేను అనను. మన పాత రేకు సందూకులు చేసే చేతులు ఇంకా ఉన్నాయి. ఒకే కొలతలో మూడు రేకు పెట్టెలు, మూతకు అంచు, అడుగుకు గాడి, పక్కన కొండీలు. రేకు బరువు ఎక్కువ, వానకు మోత ఎక్కువ, అంతే తేడా. కూరగాయల ప్లాస్టిక్ క్రేటు కూడా మూతా పట్టీతో మొదటి సంవత్సరం పని చేస్తుంది. ఏ పెట్టె అయినా స్టాండు మాత్రం సరైనది కావాలి. ఖర్చు తగ్గించదలచుకుంటే పెట్టెలో తగ్గించండి, స్టాండులో వద్దు.

ప్రభుత్వ సాయం గురించి కూడా అడుగుతారు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం వారు మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. అది పద్దెనిమిది వృత్తులకే. కమ్మరి, వడ్రంగి, తాళాలు చేసేవాడు, దర్జీ, తాపీమేస్త్రీ, క్షౌరవృత్తి వారు అందులో ఉన్నారు. ఎలక్ట్రీషియను లేడు, నల్లాల మేస్త్రీ లేడు, మోటారు రివైండింగు వాడు లేడు. మన కుర్రవాళ్లలో ఎక్కువ మంది ఆ లేని జాబితాలోనే ఉన్నారు. కాబట్టి వారి సంగతి మనమే చూసుకోవాలి.

ఇప్పుడు సంఘం పెద్దలకు నా విన్నపం. మనం ఏటా కుట్టు మిషన్లు ఇస్తున్నాం, పుస్తకాలు ఇస్తున్నాం, చాలా మంచిది. ఈ సంవత్సరం కర్జె హసనా నిధి నుండి కొందరు పనివాళ్లకు స్టాండు, పెట్టెల కోసం వడ్డీ లేని అప్పు ఇవ్వండి. పదిమందితో మొదలుపెట్టండి. వాయిదాలు పంటకాలం చూసి పెట్టండి, నాట్లప్పుడు వాళ్ల చేతిలో డబ్బు ఆడుతుంది. స్టాండ్లు చేసే పని మన వెల్డింగ్ సోదరులకే ఇవ్వండి, పది ఒకేసారి చేస్తే ఇనుము కలిసి వస్తుంది. దానికి నేను ఒక షరతు కోరుతున్నాను. అప్పు తీసుకునే ఉస్తాద్ పద్నాలుగేళ్ల లోపు పిల్లవాణ్ణి బండి ఎక్కించనని రాసి ఇవ్వాలి. రాసి ఇచ్చినది నిలబెట్టుకుంటున్నాడో లేదో చూడడానికి ఇన్స్పెక్టరు అక్కరలేదు. నా హాజరు పట్టీ చాలు.

పని నేర్పడం మానమని నేను అనడం లేదు. హునర్ మన ఆస్తి. దావూద్ అలైహిస్సలాం అంతటి వారు ఇనుప కవచాలు చేసినారు. ఉస్తాదులు కావాలంటే ఆదివారాలు, వేసవి సెలవుల్లో పిల్లలను తమ ఇంటి ముందు కూర్చోబెట్టుకుని కాయిలు చుట్టడం చూపించనీ. పదో తరగతి అయినాక ఐటీఐకి పంపుదాం. సర్టిఫికెట్టూ, చేతిపనీ రెండూ ఉన్నవాడు ఎక్కడికైనా పోగలడు. ఒళ్లో సంచి పట్టుకుని కూర్చోవడం మాత్రం పని నేర్చుకోవడం కాదు.

కొందరు ఉస్తాదులు నా మాట వినకుండానే ఇదివరకే ఈ పని చేసినారు. ఒకాయన ఎక్సెల్ బండి సీటు మీద మూడు పెట్టెలు బిగించి రెండు వర్షాకాలాలు తిరిగినాడు. ఆయనకు ఇంకొక లాభం కలిగిందట. ఇంటావిడలు తలుపు తీసినప్పుడు గోనెసంచి మనిషికీ, పెట్టె తెరిచి వరుసగా సామాను చూపే మనిషికీ ఇచ్చే మర్యాదలో తేడా కనిపించిందని చెప్పినాడు. కూలి కూడా బేరం తక్కువ చేస్తున్నారట. అది లెక్కల్లో చూపలేను గనుక ఆయన మాటగానే చెబుతున్నాను.

మగ్రిబ్‌కు ఇంకా కొద్ది సమయం ఉన్నది. ఆయన బండి బయట వేపచెట్టు కింద నడిమి స్టాండు మీద నిలబెట్టి ఉన్నది. టేపు, పదమూడు నంబరు పానా నా జేబులో ఉన్నాయి. వెల్డింగ్ పని తెలిసిన సోదరులు ముందు రండి, కొలతలు రాసుకోండి. అప్పు కావలసినవారు కార్యదర్శి గారి దగ్గర పేర్లు ఇవ్వండి. నమాజు తరువాత మళ్లీ అక్కడే ఉంటాను.